నల్లగుడ్డ కింద వంశముద్ర

మా ఊరు త్రెసాగ్వాలో పదేళ్ళలోపు పిల్లల్ని ఎవర్నైనా ఆపి, ఓబ్రెగాల్ వాళ్ళింటి వంశముద్ర మీద ఏం చెక్కి ఉంది అని అడిగితే, నల్లగుడ్డ అని చెప్పేవాళ్ళు. వాళ్ళ తప్పు లేదు. కళ్ళు తెరిచింది మొదలు వాళ్ళు చూసింది అదే. వీధి గుమ్మానికి పైన, మేడమీది రెండు కిటికీల నడుమ, మనిషి నిలువెత్తు ఇసుకరాయి ఒకటి గోడలో అమర్చి ఉండేది. దాన్ని పూర్తిగా కప్పుతూ, నాలుగు మూలలా ఇనప కొక్కాలకు బిగించి కట్టిన మందపాటి ఉన్ని దుప్పటి. కట్టిన కొత్తలో అది నిగనిగలాడే నలుపు. వానలకు నానీ నానీ, అంచుల్లో నాచు పట్టి, చివరికి ఏ రంగో చెప్పలేని స్థితికి వచ్చింది. ఆ దుప్పటి కింద పదకొండేళ్ళు గడిపిన మనిషి బల్బీనా ఓబ్రెగాల్.

మా కొండల్లో ముద్రరాయి ఉన్న ఇళ్ళకు ఒక పట్టింపు ఉండేది. ఇంట్లో ఎవరైనా పోతే మనుషులతో పాటు రాయి కూడా నలుపు కట్టుకోవాలి. ఆ నలుపు దిగేదాకా ఆ ఇంట్లో పెళ్ళి లేదు, పాట లేదు, ఆడపిల్ల పండగ మైదానంలో అడుగు పెట్టడానికి లేదు. మిగతా ఇళ్ళవాళ్ళు కాలంతో పాటు తెలివి తెచ్చుకుని, నాలుగు వేళ్ళ వెడల్పు నల్ల రిబ్బను ఒకటి కట్టి చేతులు దులుపుకోవడం మొదలుపెట్టారు. ఓబ్రెగాల్ వారింట్లో మాత్రం లియొకాదియా ఉంది.

లియొకాదియా బల్బీనాకు మేనత్త. పెళ్ళి చేసుకోలేదు, ఆ ఇంటినే కట్టుకుంది అనేవాళ్ళు. ఎదుటపడితే ఊరంతా దొరసానమ్మా అనేది. చాటుగా ఏమనేదో ఇక్కడ రాయను గానీ, ఆమె నడుము మాత్రం డెబ్బై దాటాక కూడా వంగలేదు. ఇల్లు చూడబోతే పైన పటారం, లోన లొటారం. ముందు గోడంతా చెక్కిన రాయి, చెక్క పిట్టగోడ, కమానులు. లోపల రెండు ఆవులు, కారే కప్పు, తాళాలు తుప్పు పట్టిన గదులు. తినేది మొక్కజొన్న రొట్టె, చిక్కుడు గింజల పులుసు, కాలం వస్తే చెస్ట్‌నట్ గింజలు. దొరసానమ్మ ఆ రొట్టెను కూడా కత్తీ ఫోర్కూ పెట్టి తినేది.

బల్బీనాకు చదువు కన్నా ముందు ముద్ర నేర్పింది ఆ అత్తే. ఐదేళ్ళ పిల్లను వీధి మధ్యలో నిలబెట్టి, గెడ్డం పైకెత్తి పట్టుకునేది.

"కుడి ఏదే?"

పిల్ల తన కుడిచేతి వైపు చూపించేది. నెత్తిన ఒక మొట్టికాయ పడేది.

"నీ కుడి ఎవడిక్కావాలి? అది డాలు. డాలు పట్టుకుని నిలబడ్డవాడి కుడి చెప్పు. వాడు మనకేసి చూస్తున్నాడు. ఎప్పుడూ వాడి వైపు నుంచే చెప్పాలి."

అలా వాడి వైపు నుంచి నేర్చుకుంది. కుడివైపు పైన సింధూర చెట్టు, దాని మొదట్లో నడుస్తున్న తోడేలు. చెట్టు అంటే ఈ నేల మాది, ఎవడో ఇస్తే వచ్చింది కాదు అని. తోడేలు అంటే ఆకలేసినా ఎవడి గుమ్మం ముందూ తోక ఆడించం అని. ఎడమవైపు కాగు. సొంత మనుషుల్ని వెంటబెట్టుకుని యుద్ధానికి వెళ్ళి, వాళ్ళకు సొంత పొయ్యి మీద వండి పెట్టగల ఇంటికే రాజు కాగు ఇస్తాడట. కింద ఒకవైపు బురుజు, ఇంకోవైపు ఐదు గవ్వలు. పైన కుడికి తిరిగి ఉన్న శిరస్త్రాణం. ఎడమకు తిరిగి ఉంటే పుట్టుకలో మచ్చ ఉన్నట్టు. అన్నిటి కిందా ఒక చుట్టలా చెక్కిన రాత: విరుగుతాను, వంగను.

"తోడేలు వెండి రంగు. చెట్టు పచ్చ. కాగు నలుపు, బంగారం మీద నలుపు," అని అత్త వేలితో చూపించేది. రాయి మొత్తం ఒకే పసుపు. ఆ రంగులు పెద్దవాళ్ళకు మాత్రమే కనిపిస్తాయి కాబోలు, నేనూ పెద్దయ్యాక కనిపిస్తాయి అనుకుని బల్బీనా చాలాకాలం ఎదురుచూసింది.

ఎదురింటి కసిల్దా మాత్రం నోరు పట్టలేని మనిషి. పాల బిందె నెత్తిన పెట్టుకుని వెళ్తూ వెళ్తూ ఆగేది.

"ఏం బల్బీనా, మీ రాయి మీద కాగులో ఇవాళ ఏం వండారే? మా ఇంట్లో పులుసు పలచనైంది, ఒక గరిటెడు అప్పియ్యమను. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అంటే ఇదే గదా!"

బల్బీనా నవ్వేది. అప్పట్లో ఆమెకు నవ్వు తేలిగ్గా వచ్చేది. చిన్నప్పుడే అమ్మ పోవడం తప్ప, ఇరవై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా ఆమె జీవితంలో చెప్పుకోవలసినంత కష్టం ఏమీ లేదు. పశువులూ, గడ్డీ, వానా అందరికీ ఉన్నవే.

ఆ ఏడు చెస్ట్‌నట్లు రాలే రోజుల్లో నెమేసియో ఆమెను పెళ్ళి చేసుకుంటావా అని అడిగాడు. నెమేసియో చెక్కజోళ్ళు చేసేవాడు. మా బురదలో తోలుజోళ్ళు పనికిరావు. మూడు మేకుకాళ్ళ మీద నిలిచే చెక్కజోళ్ళే ఊరందరి కాళ్ళకూ దిక్కు. బక్కపలచని మనిషి, మాట నెమ్మది, వేళాకోళం ఎక్కువ. బల్బీనా సరే అంది. ఆ మాట తండ్రికి చెప్పేలోపే, గడ్డిబండి కొండవాలులో తిరగబడి ఆయన దాని కింద పడి చనిపోయాడు.

శవం ఇంట్లో ఉండగానే లియొకాదియా దుప్పటి తెప్పించింది. బల్బీనా తమ్ముడు ఫిదేల్ నిచ్చెన ఎక్కి కట్టాడు. ఇంటి పెద్ద గనక మూడేళ్ళు అని అత్త ప్రకటించింది. ఆ సాయంత్రం పొయ్యి మీద ఇంట్లో ఉన్న పెద్ద కాగు పెట్టి, నల్లరంగు పొడి కలిపి, బల్బీనా ఉన్న బట్టలన్నీ అందులో ముంచింది. పావడాలు, మేజోళ్ళు, రుమాళ్ళు, పండగ కోసం కుట్టుకుని ఇంకా ఒక్కసారి కూడా వేసుకోని జాకెట్టు. కట్టెతో తిప్పుతూ, మన కాగులో ఉడికే సైన్యం ఇదన్నమాట అనుకుంది. అలా అనుకున్నందుకు మళ్ళీ తనే నొచ్చుకుంది. నాన్న మీద ప్రాణం ఆమెకు.

మూడేళ్ళే గదా, ఆగుతాను అన్నాడు నెమేసియో.

మూడో ఏడు నిండకముందే నానమ్మ పోయింది. తొంభై దాటిన మనిషి, నిద్రలో పోయింది. దానికి రెండేళ్ళు. మిగిలి ఉన్న పాతది కొట్టెయ్యకూడదు, దాని తరవాత ఇది మొదలుపెట్టాలి అంది అత్త. ఆ రెండేళ్ళూ పూర్తి కావస్తుండగా ఫిదేల్ గనిలో పనికి వెళ్ళి ప్రాణాలతో తిరిగి రాలేదు. పెళ్ళాం పిల్లలు లేని కుర్రాడు, బల్బీనా ఎత్తుకుని పెంచిన వాడు. తండ్రి తరవాత ఇంటి పెద్ద వాడే గనక మళ్ళీ మూడేళ్ళు. ఆ మూడేళ్ళు ఎవరూ చెప్పకపోయినా బల్బీనా నల్లబట్టలే కట్టి ఉండేది. వాడికోసం ఆమె కడుపులో నిజంగానే చీకటిగా ఉండేది. లియొకాదియా మాత్రం శవపేటిక దగ్గర కూడా కన్నీటి చుక్క రాల్చలేదు. నిటారుగా నిలబడి, దుప్పటి ఎడమ మూల వదులైంది, సరిచెయ్యమని ఎవరికో చెప్పింది. అది బల్బీనా మర్చిపోలేదు.

అన్నిటికన్నా చోద్యం నాలుగోది. మెక్సికోలో బాగుపడి తిరిగివచ్చిన పక్క ఊరి ఆసామి ఒకడు బస్సు దిగుతూనే దొరసానమ్మకు నమస్కారం చెప్పి, మీ చిన్నతమ్ముడు గస్పార్ గారు అక్కడే కాలం చేశారు, ఏడాది అయింది అన్నాడు. గస్పార్ పదహారేళ్ళ వయసులో ఓడెక్కిన మనిషి. బల్బీనా అప్పటికి పుట్టలేదు.

ఆ రోజు మాత్రం ఆమె ఊరుకోలేదు.

"అత్తా, ఆయన మొహం కూడా నేనెరగను."

"మొహంతో పనేంటే? రక్తం."

"ఒక్క ఉత్తరమన్నా రాశాడా? మనం ఉన్నామో పోయామో అడిగాడా?"

"ఆయన అడక్కపోతే ఆయనకి పాపం. మనం కట్టకపోతే మనకి."

"పోనీ, పోయి ఏడాదైంది గదా. ఆ ఏడాదన్నా తీసెయ్యి."

"మనకి తెలిసేదాకా ఆయన మనకి బతికే ఉన్నాడు," అంది లియొకాదియా. "ఇవాళే పోయాడు. ఫిదేల్ తరవాత ఇంటి పెద్ద ఆయనే. మూడేళ్ళు."

బల్బీనా గోడకు ఆనుకుని నిలబడిపోయింది. వాదించడానికి కూడా ఒక ఓపిక కావాలి. ఫిదేల్ పోయాక ఆమెలో అది అడుగంటింది. నాలుగింటికి లేవడం, పాలు పితకడం, కొండ మీదికి గడ్డికి వెళ్ళడం, తడిసి రావడం, తడి నల్లబట్టలు పొగలో ఆరేసుకోవడం, పొగ వాసన కొడుతున్న అవే బట్టలు మళ్ళీ తొడుక్కోవడం. ఏడుపు వచ్చినా బావుండేది. ఏడుపు కూడా రాలేదు.

నెమేసియో అప్పటికీ వేళాకోళం మానలేదు. ఆమె జోళ్ళ మేకులు మార్పించుకోవడానికి వెళ్ళినప్పుడు, రంపప్పొట్టు మధ్య స్టూలు జరిపి కూర్చోబెట్టి అడిగాడు.

"మీ ఇంట్లో ఇంకా ఎంతమంది ఉన్నారు?"

"అత్త. నేను."

"ఆవులు?"

"ఆవులకి మైల లేదులే."

"అయితే ఇద్దరే. ఆవిడ పోతే మూడేళ్ళు. నువ్వు పోతే ఇంక నేను కూడా కట్టక్కర్లేదు, మనకి పెళ్ళి కాలేదు గదా."

"నోరు ముయ్యవయ్యా," అంది బల్బీనా. కానీ నవ్వింది. నవ్వి చాలా రోజులైందని అప్పుడు గుర్తొచ్చింది.

"నేనొకటి అడగనా? ఆవిడ మాట కాదని వచ్చేస్తే ఏమవుద్ది? ఆకాశం విరిగిపడుద్దా?"

"ఏమీ అవదు. ఆవిడ ఒక్కతే ఉండిపోతుంది, అంతే." మేకు ముక్కను వేళ్ళ మధ్య తిప్పుతూ అంది. "నన్ను పెంచింది ఆవిడే, నెమేసియో. మా అమ్మ పోయినప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. ఆవిడ మొట్టికాయలే తిన్నాను, ఆవిడ రొట్టే తిన్నాను. ఆ గుడ్డ దిగినాక తల ఎత్తుకుని వస్తాను. దొంగలా రాలేను."

నెమేసియో మేకు కొట్టాడు.

గస్పార్ మైల మూడో చలికాలంలో లియొకాదియాకు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. ఎడతెగని దగ్గు, జ్వరం, సంధి మాటలు. బల్బీనా మంచం పక్కన కూర్చుని, వేడి ఇటుకలు గుడ్డలో చుట్టి పాదాల దగ్గర పెట్టి, తేనె కలిపిన పాలు చెంచాతో తాగించి, మూడు వారాలు కంటి మీద కునుకు లేకుండా సేవ చేసింది. కసిల్దా కూడా కదిలిపోయింది. "కన్నకూతురు కూడా ఇంత చెయ్యదే తల్లీ, నీ చెయ్యి చల్లగుండ," అంది.

ఆ పొగడ్త బల్బీనాకు ముల్లులా గుచ్చుకుంది. ఎందుకంటే అత్త దగ్గిన ప్రతిసారీ తన మనసులో మొదట మెదిలేది ఏమిటో ఆమెకు తెలుసు. పోకు అత్తా అని మొక్కుకునేది, నిజమే. పోతే మళ్ళీ మూడేళ్ళు అని గుండె జారేది, అదీ నిజమే. ఏది ముందో ఏది వెనకో విడదీసి చూసుకునే ధైర్యం ఆమెకు లేకపోయింది. మనిషిని ఇంతగా అలసగొడితే ప్రేమకు కూడా శుభ్రంగా ఉండే అవకాశం ఉండదు. నా లెక్కన ఆ పట్టింపు చేసిన పాపాల్లో పెద్దది అదే.

అత్త లేచి కూర్చుంది. మొదట అడిగింది, "గాలికి గుడ్డ ఊడిపోలేదు కదా?"

ఆ ఎండాకాలంలో నెమేసియో పినతండ్రి, కింద పట్నంలో జోళ్ళ దుకాణం నడిపేవాడు, చూపు ఆనక, దుకాణం నువ్వు చూసుకో అని కబురు పెట్టాడు. నెమేసియో ఈ మాట చెప్పడానికి బల్బీనా గడ్డి కోస్తున్న వాలు మీదికి వచ్చాడు. ఎక్కివచ్చిన ఆయాసం తీరేదాకా గడ్డిలో కూర్చున్నాడు. అతనికీ నలభై అయిదు వచ్చాయి.

"నవంబరులో పందుల్ని కోసే రోజులకల్లా అక్కడ ఉండాలి," అన్నాడు. "మీ గస్పార్ ఎప్పుడు దిగుతాడు?"

"అక్టోబరు మొదట్లో."

"అయితే అక్టోబరు చివర్లో పెళ్ళి. ఈసారి అవకపోతే నేను ఒక్కణ్ణే వెళ్తాను బల్బీనా. కోపమేం లేదు. కోపం పడేంత ఓపిక నాకూ లేదు. ఇంకెవర్నీ చేసుకోను గానీ, ఇక్కడ ఆ గుడ్డ కేసి చూస్తూ మాత్రం కూర్చోలేను."

"వస్తాను," అంది బల్బీనా. కొడవలి పక్కన పెట్టి, అతని భుజానికి తల ఆనించింది. ఎవరైనా చూస్తారేమోనన్న భయం కూడా వెయ్యలేదు. చూస్తే చూడనీ అనుకుంది.

ఆ రెండు నెలలూ ఆమె ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని బతికింది. అత్త తుమ్మినా, కాలు జారినా, పుట్టగొడుగులు తిన్నా అక్టోబరుకి ఇంకా ఎన్నాళ్ళో లెక్కపెట్టుకునేది. లియొకాదియా మాత్రం గట్టిగానే ఉంది. పైగా కొంచెం ఉత్సాహంగా కూడా కనిపించింది. పదకొండేళ్ళ తరవాత ముద్ర బయటికి వస్తోంది అని కనపడ్డవాళ్ళందరికీ చెప్పింది. ఊళ్ళో పిల్లల్ని పిలిచి గుమ్మం ముందు నిలబెట్టమంది. వాళ్ళకు కుడి ఎడమలు తనే చెప్తుందట.

"చెక్కజోళ్ళవాణ్ణి చేసుకుంటావన్నమాట," అంది ఒక రోజు, బల్బీనా జుట్టు దువ్వుకుంటుంటే.

"చేసుకుంటానత్తా."

"మంచివాడే. వాళ్ళింటికి ముద్ర లేదు."

"లేదు."

"నీ ముద్ర నీకుంటుంది. ఎవడూ ఊడబీక్కోలేడు," అంది అత్త. ఆ మాటలో దీవెన లాంటిది ఉంది. బల్బీనా కళ్ళు తడి అయ్యాయి. ఇన్నేళ్ళలో అత్త అన్న మొదటి మెత్తని మాట అది.

అక్టోబరు మొదటి ఆదివారం పూజ అయ్యాక ఊరంతా ఓబ్రెగాల్ ఇంటి ముందు చేరింది. సన్నటి జల్లు పడి ఆగింది. లియొకాదియా కోసం లోపలి నుంచి ఎత్తు వీపు కుర్చీ తెచ్చి వీధి మధ్యలో వేశారు. పిల్లలు వరసగా నిలబడ్డారు. నిచ్చెన ఎక్కడానికి ఇంట్లో మగదిక్కు లేదు గనక నెమేసియోనే ఎక్కమన్నారు.

"సొంత పెళ్ళికి సొంత చేత్తో తెర తీస్తున్నాడు చూడండర్రా," అంది కసిల్దా. అందరూ నవ్వారు. దొరసానమ్మ పెదవి కూడా కొంచెం కదిలింది.

తాళ్ళు ముడివీడలేదు. కత్తితో కోశాడు. పై రెండు మూలలూ వదిలినా దుప్పటి జారలేదు. రాయికి అతుక్కుని అలాగే నిలబడింది. నెమేసియో అంచు పట్టుకుని మెల్లగా లాగాడు. తడిసిన పెచ్చు ఊడినట్టు చప్పుడైంది. దుప్పటితో పాటు దాని వెనక నుంచి పిండిలా, ముక్కలు ముక్కలుగా, పసుపు ఇసుక జలజలా కిందికి రాలింది. నిచ్చెన మెట్ల మీద, అతని జుట్టులో, గుమ్మం రాళ్ళ మీద అంతా ఇసుక.

అది ఆగాక అందరూ తలెత్తి చూశారు.

గోడలో రాయి ఉంది. రాయి మీద ఏమీ లేదు. చెట్టు లేదు, తోడేలు లేదు, కాగు లేదు. చెట్టు మొదలు ఉండాల్సిన చోట చిన్న బొడిపె, కింద రాత ఉండాల్సిన చోట ఒక వంకర గాడి, అంతే. పదకొండేళ్ళు తడి ఉన్ని ముఖానికి అదిమి పెడితే, చలికాలమల్లా ఆ తడి గడ్డకడుతుంటే, ఎండా గాలీ తగలని ఇసుకరాయి ఏమవుతుంది? వానకు మూడొందల ఏళ్ళు తట్టుకున్న రాయి ఆ గౌరవానికి తట్టుకోలేకపోయింది.

ఇన్నేళ్ళుగా తెల్లారి లేచి గుమ్మం ముందు తను ఊడ్చి పారేస్తున్న ఇసుక ఎక్కడిదో బల్బీనాకు అప్పుడు అర్థమైంది. తోడేలునూ చెట్టునూ తన చీపురుతోనే పేడకుప్పలో కలిపింది.

 పిల్లల్లో ఒకడు, ఏదీ, ఏదీ అని పక్కవాణ్ణి అడిగితే వాళ్ళమ్మ వాడి నోరు మూసింది. కసిల్దా గుండెల మీద సిలువ గీసుకుంది.

లియొకాదియా కుర్చీలోంచి లేచింది. కర్ర లేకుండా గుమ్మం దాకా నడిచింది. వంగి, ఇసుకను అరచేతిలోకి తీసుకుంది. ఆమె వంగడం ఊరు చూసింది అదే మొదలు. అరచేతిలో ఇసుకను వేలితో కదిపి కదిపి చూసింది, అందులో ఏదైనా దొరుకుతుందేమో అన్నట్టు. తరవాత తలెత్తి నెమేసియోతో అంది.

"కప్పు."

"ఏంటమ్మా?"

"మళ్ళీ కప్పు. తాళ్ళు కొత్తవి తెస్తారు. మూడేళ్ళు."

"ఎవరికి దొరసానమ్మా?" అన్నాడు నెమేసియో, నిజంగానే అర్థం కాక.

"దానికే," అంది లియొకాదియా. "ఇంటి పెద్ద అదే గదా. పోయింది."

అని ఏడ్చింది. నిలబడ్డచోటే, ఇసుక పట్టుకున్న చెయ్యి గుండెకు అదుముకుని, ఎక్కిళ్ళు పెట్టి, చిన్నపిల్లలా ముక్కు కారుతూ ఏడ్చింది. తమ్ముడు బండి కింద నలిగితే ఏడవని మనిషి, తల్లి పోతే ఏడవని మనిషి.

నెమేసియో నిచ్చెన మీద నుంచి బల్బీనా కేసి చూశాడు. దుప్పటి ఇంకా అతని చేతుల్లోనే ఉంది. ఊరంతా ఆమె కేసే చూసింది. ఆమె కప్పు అంటే అతను కప్పేస్తాడు, కప్పి దిగి, సామాను కట్టుకుని ఒక్కడే పట్నం బస్సెక్కుతాడు. అది అందరికీ తెలుసు.

బల్బీనా తనకు కోపం వస్తుందనుకుంది. రాలేదు. ఒళ్ళంతా అలసట తప్ప ఏమీ లేదు. ఆ అలసటలోంచే మాట వచ్చింది, ఎక్కడా గొంతు పెరగకుండా.

"ఫిదేల్ పోయినప్పుడు నువ్వు ఏడవలేదత్తా."

లియొకాదియా తడి మొహం ఎత్తింది. "వాడు పోయినా అది ఉంది గదే," అంది. "మీ నాన్న పోయినా ఉంది, అమ్మ పోయినా ఉంది. వాళ్ళందరూ అక్కడున్నారనుకున్నాను. గుడ్డ కింద భద్రంగా ఉన్నారనుకున్నాను. ఇప్పుడు ఎవరున్నారే?"

 బల్బీనా వెళ్ళి అత్త భుజాలు పట్టుకుంది. ఆ భుజాలు ఇంత సన్నగా ఉంటాయని ఆమెకు తెలియదు. పట్టుకునే, ఆమె తల మీదుగా నిచ్చెన వైపు చూసి అంది.

"దిగిరా నెమేసియో."

"కప్పవా?" అంది లియొకాదియా.

"కప్పను."

"అయితే ఇన్నేళ్ళు ఎవరికోసం కట్టామే?"

"నాకు తెలీదత్తా," అంది బల్బీనా. "నేను నీకోసం కట్టాను."

 లియొకాదియా అరచెయ్యి విప్పి ఇసుకను కింద పోసేసింది. నెమేసియో దిగి దుప్పటిని గోడ వారన పడేశాడు. జనం ఒకరొకరే తల వంచుకుని ఇళ్ళకు వెళ్ళారు. ఆ రాత్రి ఇద్దరు ఆడవాళ్ళకూ కసిల్దా పులుసు తెచ్చి పెట్టింది. ఎగతాళి ఒక్క ముక్క కూడా ఆడలేదు.

పెళ్ళి అక్టోబరు ఆఖరి ఆదివారం జరిగింది. మా కొండల్లో పెళ్ళికూతురు కట్టేది కూడా నలుపే. కొత్త నల్ల పావడా, నల్ల పట్టు రుమాలు. గుళ్ళో అత్త పక్కన నిలబడితే ఇద్దరిలో ఎవరు మైల, ఎవరు పెళ్ళి అని కొత్తవాళ్ళు చెప్పలేరు. బల్బీనాకు తెలుసు, అది చాలు అనుకుంది. లియొకాదియాను కూడా పట్నం రమ్మన్నారు. ఆవిడ రానంది, చలికాలం ముదిరాక వచ్చింది. వచ్చాక దుకాణం వెనక గదిలో కిటికీ దగ్గర కూర్చునేది. నెమేసియోను పేరు పెట్టి పిలిచేది, ఎవరికీ ఏమీ నేర్పేది కాదు.

పట్నం చేరిన మొదటి ఉదయం బల్బీనా పాలు పితికే వేళకు అలవాటుగా లేచి కూర్చుంది. ఆవుల్ని అమ్మేశారు, పొయ్యి నెమేసియో వెలిగించాడు. చెయ్యవలసింది ఏమీ లేదు. మళ్ళీ పడుకుని నిద్రపోయింది. మధ్యాహ్నం గంటలు మోగినా లేవలేదు. దీపాలు పెట్టే వేళకూ లేవలేదు. దుకాణం ముందు జోళ్ళ కోసం వచ్చినవాళ్ళకు నెమేసియో, రేపు రండి అని చేతితో సైగ చేసి పంపించాడు. ఆమె నిద్ర చెడకుండా ఆ రోజంతా అతను గొడ్డలి ముట్టలేదు, సుత్తి ఎత్తలేదు. తలుపు దగ్గర ఊరికే కూర్చున్నాడు.